గీత మిగలని అద్దం

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ దగ్గర బయల్దేరి చైతన్యపురి, కొత్తపేట, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్బీనగర్ చేరేసరికి దాదాపు నాలుగు కిలోమీటర్లు. ఆ దారికి రెండు పక్కలా అద్దమే. కింద చీరల షోరూములు, నగల దుకాణాలు, కళ్లజోళ్ల షాపులు, మొబైల్ షాపులు. పైన డయాగ్నస్టిక్ సెంటర్లు, బ్యాంకులు, కోచింగ్ సెంటర్లు. సందుల్లోకి తిరిగితే అపార్ట్‌మెంట్లు, వాటికి అల్యూమినియం, యూపీవీసీ కిటికీలు. 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు ఎల్బీనగర్ దాకా వచ్చింది. పిల్లర్ల పనులు ముగిశాయి గానీ దుమ్ము తగ్గలేదు. బస్సులూ ఆటోలూ లేపుతూనే ఉన్నాయి. ఈ అద్దాలు తుడిచి బతకడం ఒక చిన్న వ్యాపారం. ఒక టీవీఎస్ ఎక్సెల్, రెండు బకెట్లు, నిచ్చెన, చేతికి అమరిన వైపర్ ఉంటే మొదలుపెట్టవచ్చు. అది నిలబడాలన్నా, పెరగాలన్నా మాత్రం మురికి గుణం, నీటి గుణం, ఎండ తిరిగే తీరు తెలిసిన మనిషి కావాలి.

ముందు మురికి సంగతి. ఈ రోడ్డు మీద అద్దానికి పట్టేది ఒక రకం మురికి కాదు. పొగలోని నూనెజిడ్డుతో కలిసిన దుమ్ము సబ్బునీటికి వదులుతుంది. దుకాణంలో పొద్దున్నే వేసే సాంబ్రాణి పొగ, కర్పూరం మసి లోపలి వైపు పల్చని పొరలా పేరుకుంటాయి. కింద నిలబడి చూస్తే కనిపించవు, పక్క నుంచి వెలుతురు పడితేనే బయటపడతాయి. అమావాస్య నాడు దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొడితే కుంకుమ నీళ్లు అద్దం అడుగున చిమ్ముతాయి. దాన్ని గుడ్డతో రుద్దితే ఎరుపు ఇంకా పాకుతుంది కాబట్టి ముందు నీళ్లు పోసి కడిగేయాలి. కోచింగ్ సెంటర్ల అడ్మిషన్ పోస్టర్లకు వాడే మైదా బంకకు ఓపిక మందు: బాగా తడిపి, నానే వరకు వేరే అద్దం పని చూసుకుని, తిరిగొచ్చి స్క్రేపర్‌తో తీయాలి.

స్క్రేపర్ విషయంలో పనిమంతుడికీ కొత్తవాడికీ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. పనిమంతుడు బ్లేడు పెట్టే ముందు అద్దం మూలలు చూస్తాడు. అక్కడ చిన్న ముద్ర ఉంటే అది టఫెన్డ్ అద్దం. ఫర్నేసులో కాల్చి చల్లార్చేటప్పుడు దాని ఒక ముఖాన కంటికి కనపడని గాజు రేణువులు అతుక్కుని ఉండిపోవచ్చు. బ్లేడు వాటిని పెకలించి అద్దం మీదుగా ఈడ్చుకుపోతుంది. ఆ గీత ఇక ఎప్పటికీ పోదు. షోరూమ్ తలుపుల్లో సాధారణంగా వాడేది 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దమే కాబట్టి అక్కడ ప్లాస్టిక్ స్క్రేపర్ లేదా తెల్ల ప్యాడ్ మాత్రమే వాడాలి. మామూలు అద్దం మీద బ్లేడు వాడినా అద్దం తడిగా ఉండాలి, బ్లేడు ఒకే దిక్కుకు నడవాలి. వెనక్కి లాగితే దాని కింద చిక్కిన ఇసుక అద్దాన్ని చీరుతుంది.

ఇక వైపర్. దీని ఇప్పటి రూపం ఇటలీ నుంచి అమెరికా వలస వెళ్లిన ఎట్టోరే స్టెకోనే అనే అద్దాలు తుడిచే మనిషిది. అంతకుముందు వాడిన పనిముట్టు బరువైన ఉక్కుది, రెండు రబ్బరు పట్టీలది; రబ్బరు మార్చాలంటే డజను స్క్రూలు విప్పాలి. ఆయన కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో తేలికైన ఇత్తడితో, ఒకే రబ్బరు అంచుతో 'టి' ఆకారపు వైపర్ చేసి 1936లో పేటెంట్ తీసుకున్నాడు. చేతిపిడి, చానల్, రబ్బరు: ఇందులో ఉన్నవి మూడు భాగాలే. రబ్బరు చానల్‌లోకి జారి కూర్చుంటుంది. రెండు కొసలా మూడు మిల్లీమీటర్లంత బయటికి ఉండాలి. ఆ కొసలే ఫ్రేము పక్కనున్న నీటిని అందుకుంటాయి. రబ్బరు అంచు లంబకోణంలో, పదునుగా తెగి ఉంటుంది. ఒక వైపు అరిగితే తిప్పి రెండో వైపు వాడుకోవచ్చు. దానిలో వెంట్రుకంత నొక్కు పడినా అద్దం పొడవునా ఒక తడి గీత మిగులుతుంది. అందుకే తెలిసినవాళ్లు పని మొదలుపెట్టే ముందు వేలికొసతో అంచంతా తడిమి చూసుకుంటారు.

షాపులో పనిచేసే అబ్బాయి కాలిన్ చల్లి పాత పేపరుతో తుడిచినా అద్దం మెరుస్తుంది. కానీ అక్కడ మురికి కరిగి, పలచబడి, కొంత పేపరుకంటి, కొంత అద్దం మీదే ఆరుతుంది. వైపర్ మురికిని నీటిలో తేల్చి, ఆ నీటినే అద్దం మీద నుంచి దించేస్తుంది. తేడా అంతా ఇందులోనే ఉంది.

పని వరుస ఇది. బకెట్ నీళ్లలో కొద్ది చుక్కలే సబ్బు. ఎక్కువైతే సబ్బే పొరగా మిగులుతుంది. మైక్రోఫైబర్ తొడుగున్న పట్టీతో అద్దమంతా తడిపి రుద్దుతాడు. తర్వాత పై అంచు వెంట, ఒక పక్క అంచు వెంట రెండు వేళ్ల వెడల్పున గుడ్డతో పొడిగా తుడుస్తాడు. రబ్బరు ఎప్పుడూ పొడి చోట మొదలవ్వాలి. తడిలో మొదలైతే మొదటి స్పర్శ దగ్గరే గీత పడుతుంది. ఆపైన వైపర్‌ను పై మూలలో ఆనించి, పిడిని అద్దానికి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టి, అడ్డంగా లాగుతాడు. అవతలి అంచు చేరగానే మణికట్టు తిరుగుతుంది. వైపర్ పై కొస పొడి ప్రాంతంలోనే ఉండి చుట్టు తిరుగుతుంది, కింది కొస తడిలో దిగుతుంది, వైపర్ దిక్కు మార్చుకుని వెనక్కి వస్తుంది. ప్రతి అడ్డ లాగుడూ ముందు తుడిచిన పొడి చోటును మూడు నాలుగు సెంటీమీటర్లు కప్పుతూ పోతుంది. నీరంతా ముందుకు, కిందికి మాత్రమే నడుస్తుంది. పొడి అయిన చోటికి ఒక్క చుక్క తిరిగి రాదు. కింది అంచు చేరేదాకా రబ్బరు అద్దాన్ని వదలదు. గట్టిగా అదిమితే రబ్బరు వంగి, అంచుకు బదులు దాని చదును భాగం రాసుకుని నీటి పొర మిగులుతుంది. అందుకే నేర్పున్న చెయ్యి తేలిగ్గా ఉంటుంది. నా మట్టుకు ఈ పనిలో అన్నిటికన్నా అందమైనది ఆ మలుపు. నిలువెత్తు అద్దం మీద నీటి తెర ఒకే కదలికలో దిగిపోవడం చూసినవాళ్లు, అది ఎందుకు అలా దిగుతుందో తెలిశాక ఇంకాసేపు నిలబడి చూస్తారు.

నీటి సంగతి వేరే చెప్పాలి. నగరానికి తూర్పున ఉన్న ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు వస్తాయి. సాహెబ్‌నగర్ రిజర్వాయర్ దగ్గర్లోనే ఉంది. అయినా షాపుల్లో, అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల పైపు తిప్పితే వచ్చేది బోరు నీళ్లే, రాతి పగుళ్లలో నిలిచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకున్నవి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాల వరకు మంచిదంటుంది, వేరే దారి లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటుంది. అంటే తాగడానికి పనికొచ్చే లీటరు నీరు అద్దం మీద ఆరిపోతే అర గ్రాము తెల్లటి పొడి మిగలవచ్చు. వైపర్‌తో చేసేటప్పుడు నీటిని ఆరనివ్వం, దించేస్తాం కాబట్టి బోరు నీళ్లతోనూ గడుస్తుంది. రెండో అంతస్తు అద్దాలకు కింద నుంచే బ్రష్ ఉన్న పొడవాటి పోల్‌తో నీళ్లు పంపి కడిగే పద్ధతిలో నీరు అద్దం మీదే ఆరుతుంది. అక్కడ శుద్ధమైన నీరే కావాలి. తాగడానికి తీసిన ఆర్‌ఓ నీళ్లలోనూ కొంత ఖనిజం మిగిలి ఉంటుంది. ఆ నీళ్లను రెసిన్ సిలిండర్ గుండా పంపి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 10 లోపు, వీలైతే సున్నా చూపేదాకా వడగట్టాలి. ఇంకో హెచ్చరిక: పోల్ అల్యూమినియందైనా కార్బన్ ఫైబర్‌దైనా కరెంటును పోనిస్తుంది. ఇక్కడి భవనాల ముందు చేతికందేంత దగ్గరగా తీగలు పోతుంటాయి. అలాంటి చోట పోల్ ఎత్తకూడదు, ఎంత డబ్బిచ్చినా సరే.

బోరు నీటి మరకలు కొత్తవైతే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లకు, వెనిగర్‌కు కరుగుతాయి. కింద పాలరాయి గడప ఉంటే దాన్ని ముందు కప్పాలి, ఆమ్లం రాయినీ తింటుంది. మరక ఏళ్ల తరబడి ఉంటే గాజు ఉపరితలమే పాడవుతుంది, అప్పుడు సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ పట్టడమే మిగిలిన దారి.

అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర చిక్కు వేరు. దొంగల భయానికి బయట ఇనుప గ్రిల్ ఉంటుంది, చెయ్యి తిరగదు. మూడు ట్రాకుల కిటికీలో రెండు అద్దం రెక్కలు, ఒకటి దోమల జాలీ రెక్క. రెక్కను నిటారుగా పై చానల్‌లోకి ఎత్తితే అడుగు రోలర్లు ట్రాకు నుంచి లేస్తాయి. అడుగును తన వైపు లాగి, కిందికి దించితే రెక్క చేతికొస్తుంది. దాన్ని గోడకు వాల్చి రెండు వైపులా హాయిగా తుడవచ్చు. రెక్కలు తీసినప్పుడే ట్రాకు బయటపడుతుంది. దాని అడుగున నీళ్లు పోవడానికి సన్నని చీలికలుంటాయి. పావురాల రెట్ట, దుమ్ము వాటిని మూసేస్తే వానాకాలంలో నీరు ఇంట్లోకి పొర్లుతుంది. ఒక సన్నని బ్రష్‌తో ఆ చీలికలు తెరిచి, చెంబెడు నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూపించినవాడిని ఆ ఇంటి ఇల్లాలు మళ్లీ పిలుస్తుంది. ఇంట్లోవాళ్లకు అద్దం మెరుపు కన్నా ఆ చెంబెడు నీళ్లే ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి.

ఇక రోజంతా తిరిగే దారి. ఎండ తగిలిన అద్దం మీద నీరు వైపర్ అందుకునేలోపే ఆరిపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటినప్పుడు మరీను. ఈ రోడ్డు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వాలి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్తుంటే ఎడమ పక్క షాపుల ముఖం నైరుతికి, పొద్దున నీడలో ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఎడమకే వచ్చే అవతలి పక్క షాపులు ఈశాన్యం చూస్తాయి, మధ్యాహ్నం నుంచి నీడే. షట్టర్లు లేచే వేళకు వెళ్లేవైపు, భోజనాలయ్యాక బేరాలు పలచబడినప్పుడు వచ్చేవైపు చేసుకుంటే ఎండా అడ్డు రాదు, ట్రాఫిక్‌కు ఎదురు వెళ్లే పనీ ఉండదు. గురువారం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి చుట్టుపక్కల జనం ఎక్కువ కాబట్టి ఆ రోజు ఎల్బీనగర్ సందుల్లో అపార్ట్‌మెంట్లు పెట్టుకోవడం తెలివి.

వ్యాపారం పెరిగేది ఈ వరుసలోనే. మొదటిసారి కడిగే అద్దానికి టేపు మరకలు, బంక, తెల్లమచ్చలు అన్నీ ఉంటాయి. ఒక షాపుకు రెండు గంటలు పట్టిందనుకుందాం. పదిహేను రోజులకు మళ్లీ వెళ్తే అరగంట చాలు, ఎందుకంటే మురికికి గట్టిపడే సమయం దొరకలేదు. అందుకే అనుభవమున్నవాళ్లు మొదటి కడుగుడుకు ఒక రేటు, తర్వాతి కడుగుళ్లకు తక్కువ రేటు చెబుతారు. రేటు తగ్గినా గంటకు వచ్చే సంపాదన పెరుగుతుంది. ఒకే వరుసలో ఐదు షాపులు దొరికితే నిచ్చెన దించి ఎత్తే పని తగ్గుతుంది, పెట్రోలూ మిగులుతుంది. ఐదో షాపు అడగకుండానే వస్తుంది కూడా: మాసిన అద్దం, పక్కది తళతళలాడుతున్నప్పుడే యజమాని కంట పడుతుంది. ఆషాఢం ఆఫర్లకు, శ్రావణం పెళ్లిళ్లకు, దసరాకు ముందు అందరూ ఒకేసారి పిలుస్తారు. ఆ హడావుడిలో పాత ఖాతాలను వాయిదా వేస్తే వరుస తెగిపోతుంది. షాపు పేరు, అద్దాల లెక్క, టఫెన్డ్ ఉందా లేదా, మళ్లీ వెళ్లాల్సిన తేదీ రాసుకున్న నోటు పుస్తకం ఈ పనిలో వైపర్‌తో సమానమైన పనిముట్టు.

బ్యాంకులు, ఆసుపత్రులు బిల్లు అడుగుతాయి. అందుకు నమోదు ఉంటే మేలు: చిన్న వ్యాపారాల కోసం 2020 జులై 1న మొదలైన ఉద్యం నమోదు ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. సేవల్లో ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. పోల్, రెసిన్ కొనుక్కోవడానికి ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు అప్పు దొరుకుతుంది. తాళ్లు కట్టుకుని వేలాడే ఐదారంతస్తుల పని మాత్రం వేరే విద్య: రెండు తాళ్లు, విడివిడిగా కట్టిన ఆధారాలు, ఒళ్లంతా పట్టే హార్నెస్, శిక్షణ ఉండాలి. అవి లేని చిన్న వ్యాపారి ఆ పని వద్దనడమే పద్ధతి.

రెండో మనిషిని పెట్టుకునే రోజు వస్తే, అతని చేతికి మొదట ఇవ్వాల్సింది వైపర్ కాదు, కిటికీ ట్రాకుల బ్రష్. ట్రాకుల తర్వాత గుడ్డతో అంచులు, ఆపైన ఇళ్లలో లోపలి అద్దాలు, చివరికి షోరూమ్ ముఖద్వారం. మలుపు దగ్గర మణికట్టు తడబడకుండా, ఎండ పడిన అద్దాన్ని చూసి తనంతట తానే తడిపే వెడల్పు తగ్గించుకునేంత తెలిశాక, ఎల్బీనగర్ నుంచి తిరిగొచ్చే వైపు షాపులు అతనికి అప్పగించవచ్చు. అప్పుడు మొదటి మనిషికి మధ్యాహ్నాలు ఖాళీ అవుతాయి, నాగోల్ వైపో వనస్థలిపురం వైపో కొత్త వరుస మొదలుపెట్టుకోవడానికి.