గడ్డపార అక్కర్లేని నిధివేట

1565లో రక్కసి తంగడి యుద్ధం ఓడిపోయాక తిరుమల దేవరాయలు విజయనగరాన్ని వదిలి పెనుకొండకు చేరాడు. 550 ఏనుగుల మీద రాజ్య సంపదను ఎత్తించుకుని బయల్దేరాడని చరిత్రకారుడు రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఇలాంటి కథలు పట్టుకుని మా ప్రాంతంలో ఇప్పటికీ రాత్రిపూట గడ్డపారలు కదులుతున్నాయి. పాడుబడ్డ గుడిలో నంది కింద గొయ్యి, పెకలించి పక్కకు తోసిన పీఠం, తవ్వేసిన కోనేటి గట్టు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల కొండలెక్కే అలవాటున్న వాళ్లకు ఈ దృశ్యాలు కొత్త కాదు.

ఇలాంటి చోట నిధివేటను ఆటగా నేర్చుకోమని రాయాలంటే ధైర్యం కావాలి. నాకు ఆ ధైర్యం ఇచ్చింది ఆ ఆట నియమాలే. దాని పేరు జియోకేషింగ్. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలను అందరికీ చెబుతారు. మీరు జీపీఎస్ పట్టుకుని వెళ్లి వెతుకుతారు. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాస్తారు. డబ్బాను ఉన్న చోటే, ఉన్నట్టే పెట్టి వస్తారు. లోపలి బొమ్మో బిళ్లో నచ్చి తీసుకుంటే, విలువలో దానికి తగ్గని వస్తువొకటి అందులో ఉంచాలి. తవ్వకం లేదు, ఎత్తుకుపోవడం లేదు. గుప్తనిధుల పిచ్చికి విరుగుడు ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే.

పుట్టుక చూస్తే ఈ ఆట వయసు పాతికేళ్లే. అమెరికా సైన్యం అంతవరకూ మామూలు జనం వాడే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తప్పు కలిపేది. దాంతో చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ ప్రకటన చేయడంతో ఆ రాత్రి నుంచే ఆ కల్తీ ఆగిపోయింది. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్టులో కొన్ని వస్తువులు, ఒక పుస్తకం, పెన్సిల్ పెట్టి అడవిలో ఉంచి, చోటును అందరికీ తెలియజేశాడు. ఆ మొదటి బకెట్టు సగం నేలలో పాతిపెట్టిందే. ఆట పెరిగాక, స్థలం యజమాని స్పష్టంగా అనుమతిస్తే తప్ప, పాతడాన్ని నిషేధించారు. ఒకరు పాతితే నలుగురు తవ్వడం మొదలుపెడతారని వాళ్లకు త్వరగానే అర్థమైంది. మా సీమకు ఈ నియమం ఎంత అవసరమో వేరే చెప్పాలా!

మొదలుపెట్టడానికి డబ్బు అక్కర్లేదు. ఫోన్‌లో జియోకేషింగ్ యాప్ వేసుకుని పేరు నమోదు చేసుకుంటే చాలు. ప్రతి డబ్బాకూ రెండు కొలతలుంటాయి. వెతకడం ఎంత కష్టమో ఒకటి, అక్కడికి చేరడం ఎంత కష్టమో రెండోది. రెండూ ఒకటి నుంచి ఐదు దాకా. మొదట రెండూ ఒకటి, ఒకటిన్నర ఉన్నవే ఎంచుకోండి. వేలి గోరంత డబ్బాల జోలికి పోకుండా టిఫిన్ బాక్సంత ఉన్నవాటితో ఆరంభించండి. మన వైపు డబ్బాలు తక్కువ. బెంగళూరు వెళ్లినప్పుడు అక్కడ కొన్ని వెతికి అలవాటు చేసుకోవచ్చు. మేం కొందరు మిత్రులం రైతు అనుమతి తీసుకుని చింతతోపుల్లో మాలో మేమే దాచుకుని సాధన చేస్తుంటాం.

డబ్బా కంటే ముందు అంకెలు చదవడం రావాలి. దానికి మంచి బడి హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లే రైలు. కిటికీ పక్కన కూర్చుని జీపీఎస్ తెర చూస్తూ ఉండండి. హిందూపురంలో అక్షాంశం 13 డిగ్రీల 50 నిమిషాల దగ్గర ఉంటుంది. పెనుకొండలో 14 డిగ్రీలు దాటేస్తుంది. ధర్మవరం చేరేసరికి 14 డిగ్రీల 25 నిమిషాలు. రేఖాంశం మాత్రం 77 డిగ్రీల 29 నిమిషాల నుంచి 43 నిమిషాల దాకానే జరుగుతుంది. మూడు ఊళ్లూ ఉత్తరం నుంచి కొంచెం తూర్పుకు ఒరిగిన దాదాపు ఒకే గీత మీద ఉన్నాయన్న సంగతి కళ్లముందే తేలుతుంది. అక్షాంశంలో ఒక నిమిషం అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు. ఈ ఆటలో నిమిషాన్ని మూడు దశాంశాల దాకా రాస్తారు. అంటే చివరి అంకె ఒకటి మారితే మీరు దాదాపు రెండు మీటర్లు పక్కకు జరిగినట్టు.

ఇక్కడే కొత్తవాళ్లు తడబడతారు. ఫోన్ మ్యాపులు చోటును డిగ్రీల దశాంశాల్లో చూపిస్తాయి, జియోకేషింగ్ డిగ్రీలు, నిమిషాల్లో చెబుతుంది. పెనుకొండ అక్షాంశం దాదాపు 14.085 డిగ్రీలు. అంటే 14 డిగ్రీల 5.1 నిమిషాలు. దాన్నే 14 డిగ్రీల 8.5 నిమిషాలని కొడితే ఆరు కిలోమీటర్లు ఉత్తరాన తేలతారు. పరికరం చేతికి రాగానే ఏ పద్ధతిలో ఉందో ముందు చూసుకోవాలి.

ఇక కొనుగోలు సంగతి. ఫోన్ ఉండగా వేరే పరికరం ఎందుకని అందరూ అడుగుతారు. మార్చి దాటితే మా బండల మీద ఫోన్ తెర ఎండకు కనిపించదు, వేడెక్కి ఆగిపోతుంది, మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోతుంది. చేతిలో ఇమిడే జీపీఎస్ పరికరం తెర ఎండ పెరిగేకొద్దీ తేటగా కనిపిస్తుంది. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్ రెండు పెన్సిల్ సెల్లతో 25 గంటల దాకా పనిచేస్తాయి. ఆ సెల్లు ఏ పల్లె అంగట్లో అయినా దొరుకుతాయి. కొండ మీద సెల్లు మార్చుకుని ముందుకు పోవడమే, ప్లగ్గు కోసం కిందికి దిగే పని లేదు.

ఆ రెండింటిలో ఏది? ఇక్కడ ఒక్క తేడా చూడాలి. 22ఎక్స్‌లో విడిగా దిక్సూచి లేదు. మీరు నడుస్తుంటేనే బాణం గుర్తు దిక్కు సరిగా చూపిస్తుంది, ఆగితే దాన్ని నమ్మలేం. 32ఎక్స్‌లో దిక్సూచి ఉంది, గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే సాధనమూ ఉంది. డబ్బా దగ్గరపడ్డాక మనం ఎక్కువగా ఆగి, ఒక్కో అడుగే వేస్తాం. అందుకే నా ఓటు 32ఎక్స్‌కే. చేతిలో డబ్బు ఎక్కువుంటే జీపీఎస్‌మ్యాప్ 65 రకం చూడండి. అది రెండు పౌనఃపున్యాల్లో సంకేతాలు అందుకుంటుంది. ఆకాశంలోని అయనావరణం సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకు ఆ బెడద ఎక్కువ. రెండు పౌనఃపున్యాలను పోల్చి ఆ తప్పును చాలావరకు సరిచేయొచ్చు. నున్నటి గుండ్లకు తగిలి తిరిగొచ్చే సంకేతాల వల్ల కలిగే పొరపాటూ తగ్గుతుంది. వేలితో తాకే తెరలకంటే బటన్లున్నవే మేలు, చెమట చేతులకు అవే లొంగుతాయి.

ఒక హెచ్చరిక. పేరులో ఇన్‌రీచ్ అని ఉన్నవి, పేరు చివర ‘ఐ’ ఉన్న 66ఐ, 67ఐ లాంటివి కొనొద్దు, విదేశాల నుంచి బంధువులతో తెప్పించుకోవద్దు. అవి ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపుతాయి. అనుమతి లేకుండా అలాంటివి దగ్గరుంచుకోవడం మన దేశంలో నేరం. విమానాశ్రయాల్లో పట్టుబడి కేసులపాలైన వాళ్లున్నారు. సంకేతం అందుకోవడమే తప్ప పంపని మామూలు పరికరం మన ఆటకు సరిపోతుంది.

మా నేలకు అక్షాంశ రేఖాంశాల అంకెలు కొత్తవి కావు. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే 78వ రేఖాంశానికి దగ్గరగానే ఉత్తరానికి సాగింది. 1811లో గుత్తి దగ్గర ఆధార రేఖను కొలిచారు. లాంబ్టన్ వారసుడు జార్జ్ ఎవరెస్ట్ పేరుమీదున్న భూమి కొలతనే పాత సర్వే పటాలు వాడాయి. ఇప్పటి జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84. పాత పటంలోని అంకెలను అలాగే పరికరంలోకి ఎక్కిస్తే చోటు వంద మీటర్లకు మించి కూడా తప్పొచ్చు.

ఆడటం కంటే దాచడం పెద్ద బాధ్యత. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. స్థలం యజమాని అనుమతి ఉండాలి. రైలు పట్టాల దగ్గర, బడి ఆవరణలో పెట్టకూడదు. లేపాక్షి గుడి, పెనుకొండ గగన్ మహల్ లాంటి చోట్ల గోడ సందుల్లో, మంటపాల మీద డబ్బా పెట్టే ఆలోచనే రాకూడదు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. గుడి గోడలో దొరికిన డబ్బాను చూసి ఊరివాళ్లు కంగారుపడితే తప్పు వాళ్లది కాదు.

డబ్బా లేకుండా ఆడే మార్గమూ ఉంది. ఎర్త్‌కేష్ అనే ఈ పద్ధతి 2004లో మొదలైంది. ఇందులో దాచేది ఏమీ ఉండదు. రాయిని చూసి దాని పుట్టుక గురించి అడిగిన ప్రశ్నలకు జవాబు పంపాలి. దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ మా కాళ్ల కింద పరుచుకుని ఉంది. మా మూడు ఊళ్లకు ఇదే తగిన ఆట అని నా గట్టి నమ్మకం.

కొండ మీద ఎవరైనా కనిపిస్తే పరికరాన్ని దాచొద్దు. “ఏం సామీ, ఏం ఎతుకుతాండారు?” అని గొర్రెల కాపరి అడిగితే నిలబడి తెర చూపించి వివరంగా చెప్పండి. అనుమానం పోతే దారి ఆయనే చూపిస్తాడు. ఎలుగుబంట్లు ఏ వైపు తిరుగుతాయో కూడా చెబుతాడు. బండ సందులో చేయి పెట్టేముందు కర్రతో తట్టండి. పొద్దు వాలకముందే దిగిపోండి.

చివరగా ఒక విన్నపం. తిరుగుతున్నప్పుడు కాపలా లేని గుడి, వీరగల్లు, శాసనం కనిపిస్తే పరికరంలో చోటు గుర్తుపెట్టుకోండి. కానీ ఆ అంకెలను పదిమందికీ పంచొద్దు, గడ్డపార పట్టినవాడికీ అవే అంకెలు దారి చూపిస్తాయి. వాటిని ఒక కాగితం మీద రాసి, ఫోటో జతచేసి పురావస్తు శాఖకు, తహసీల్దారుకు ఇవ్వండి.