ఇవాళ వద్దు అనేదెవరు?

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరిగే రోజుల్లో ట్యాంక్ బండ్ మీదుగా వెళ్లేవాళ్లకు కనిపించేది గాలికి ఒరిగిన తెరచాపలే. ఒడ్డున జరిగే తతంగం ఎవరి కంటా పడదు. ఇలాంటి పోటీల్లో చాలాచోట్ల ట్యాలీ అనే పద్ధతి ఉంటుంది. పడవ దింపే ముందు ప్రతి ఒక్కరూ తమ నంబరున్న బిళ్ల తీసుకోవాలి, లేదా పుస్తకంలో సంతకం పెట్టాలి. ఒడ్డుకు చేరగానే బిళ్ల తిరిగి బోర్డుకు తగిలించాలి. మరిచిపోతే శిక్ష తప్పదు, అందరికంటే ముందొచ్చినవాళ్లకైనా సరే. బిళ్ల మరిస్తే పాయింట్లు కోస్తారా అని కొత్తగా చేరినవాళ్లు విసుక్కోవడం సహజం. కానీ బోర్డు మీద ఒక్క మేకు ఖాళీగా ఉంటే, చీకటి పడుతున్న వేళ రక్షణ పడవ ఆ ఒక్క మనిషి కోసం చెరువంతా గాలించాలి. నన్నడిగితే సెయిలింగ్ క్లబ్బు సభ్యత్వంలో అసలైన విలువ ఈ బిళ్లలోనే ఉంది. ఎవరు దిగారు, ఎవరు తిరిగొచ్చారు అని లెక్క చూసే మనిషి అక్కడ ఉంటాడు. గాలి బాగోకపోతే ‘ఇవాళ వద్దు’ అనే అధికారమూ క్లబ్బు తరఫున ఒకరి చేతిలో ఉంటుంది. ఆ మాట అన్నందుకు అతనికి రూపాయి నష్టం రాదు.

ఈ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మన నీళ్ల మీద జరిగిన ప్రమాదాలను వరసగా పెట్టి చూస్తే అన్నిటి వెనకా అది లేకపోవడమే తేలుతుంది. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో బోల్తాపడిన ప్రైవేటు పడవకు అనుమతి లేదు. ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లూ లేవు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట అనే విహార పడవ మునిగినప్పుడు గోదావరి వరద మీద ఉంది. 2023 మే 7న కేరళలోని తానూరులో మునిగింది చేపల పడవను మార్చి చేసిన విహార పడవ, అందులో 22 మంది పోయారు. 2024 జనవరిలో వడోదర హర్నీ చెరువులో 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ఆ పడవ ఎక్కినవాళ్లలో ఎక్కువమంది ఒంటి మీద జాకెట్ లేదు. ప్రతిసారీ మనం ‘నిబంధనలు గాలికొదిలేశారు’ అనుకుని ఊరుకుంటాం. నిబంధనలు ఎక్కడికీ పోలేదు, కాగితం మీద భద్రంగానే ఉన్నాయి. సమస్యల్లా పడవ కదలాలా వద్దా అని తేల్చే మనిషి ఆ రోజు టికెట్ల మీద బతుకుతుండటమే. అరవై మంది రేవులో నిలబడి ఉంటే, ఏటి ఉరవడి చూసి లాంచీ ఆపేయడానికి సరంగుకు అనుభవం చాలదు, యజమానిని ఎదిరించే స్తోమత కూడా కావాలి. అది లేనివాణ్ని ప్రమాదం తర్వాత పట్టుకుని తిట్టడం తేలిక.

క్లబ్బు లోకంలో నిబంధన ఎలా నడుస్తుందో కొంచెం ఆగి చూడాలి, అక్కడొక విచిత్రం ఉంది. ప్రపంచమంతా పాటించే సెయిలింగ్ పోటీ నిబంధనల పుస్తకం మొదట్లోనే ఒక సూత్రం చెబుతుంది: పోటీదారులు నిబంధనలను తాము పాటించాలి, ఇతరులు పాటించేలా కూడా చూడాలి. చాలా పోటీల్లో నీటి మీద ఈల ఊదే అంపైర్ ఉండడు. దారి ఇవ్వాల్సిన పడవ ఇవ్వకపోతే పక్క పడవలోనివాళ్లే ‘ప్రొటెస్ట్’ అని కేక వేస్తారు. తప్పు తమదేనని తెలిసినవాళ్లు అక్కడికక్కడే పడవను రెండు చుట్లు తిప్పి, వెనకబడి, మళ్లీ పోటీలో కలుస్తారు. తప్పు ఒప్పుకోకపోతే సాయంత్రం ఒడ్డున విచారణ. నిర్వాహకులు ఒడ్డున ‘వై’ జెండా ఎగరేశారంటే నీటి మీద ఉన్నంతసేపూ జాకెట్ వేసుకుని తీరాల్సిందే. అందులో ఛాంపియనూ నిన్న చేరిన పిల్లాడూ ఒకటే. మనకు ట్రాఫిక్ కానిస్టేబుల్ కనిపించినప్పుడే హెల్మెట్ గుర్తొస్తుంది కాబట్టి ఇది కొంచెం వింతగానే ఉంటుంది. ఒకరి మీద ఒకరికి అధికారం ఉండటానికి అందరూ ముందే ఒప్పుకోవడం, చేరేటప్పుడు పెట్టే సంతకానికి అసలు అర్థం అదే. చందా దాని తర్వాతి సంగతి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. అంత క్రమశిక్షణ ఉన్న క్లబ్బుల పోటీల్లోనూ మనుషులు చనిపోయారు కదా? చనిపోయారు. 1979 ఆగస్టులో ఇంగ్లండ్ నుంచి సాగిన ఫాస్ట్‌నెట్ పోటీలో 303 పడవలు బయల్దేరితే, తుపానులో 15 మంది పోటీదారులు పోయారు. 1998 సిడ్నీ-హోబార్ట్ పోటీలో ఆరుగురు పోయారు. టికెట్ల ఆదాయం లేకపోయినా, పేరున్న పోటీ ఆగకూడదన్న పట్టుదలా ఒక రకం లాభాపేక్షే. సిడ్నీ పోటీ నిర్వాహకులను 2000లో, ఆ మరణాలపై విచారణ జరిపిన కరోనర్ గట్టిగానే తప్పుపట్టారు. కాబట్టి క్లబ్బు అనగానే అంతా సవ్యంగా ఉంటుందని నేను అనను. తేడా ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. ఫాస్ట్‌నెట్ మీద విచారణ నివేదిక ఆ ఏడాది చివరికే వచ్చింది. ఆ పోటీకి రేడియో తప్పనిసరి అయింది, పడవ నడిపేవాళ్ల అనుభవానికి కనీస అర్హత పెట్టారు. సిడ్నీ పోటీలో ఇప్పుడు ప్రతి పడవా గ్రీన్ కేప్ దగ్గరికి వచ్చేసరికి, బాస్ జలసంధిలోకి దిగడానికి పడవా మనుషులూ సిద్ధంగా ఉన్నారని రేడియోలో చెప్పాలి. దారి మధ్యలో ఒకరు అడిగేసరికి, వెనక్కి తిరగడం పిరికితనంగా అనిపించదు. పోటీ నిబంధనలు మాత్రం, దిగాలా కొనసాగాలా అన్న నిర్ణయం పూర్తిగా ఆ పడవదేనని చెబుతాయి. అడిగేవాడు ఒకడున్నా జవాబుదారీ నాదే అన్న ఆ ఏర్పాటు నాకు నచ్చుతుంది.

ఈత బాగా వచ్చినవాడికి జాకెట్ ఎందుకు, అందులో మన ఎండల్లో, అనేవాళ్లకు జవాబు లెక్కల్లోనే ఉంది. అమెరికా కోస్ట్‌గార్డ్ 2023 నివేదిక ప్రకారం విహార పడవ ప్రమాదాల్లో 564 మంది పోయారు. మరణ కారణం తెలిసినవాళ్లలో నూటికి 75 మంది మునిగి చనిపోయినవాళ్లు. అలా మునిగినవాళ్లలో, జాకెట్ వివరం తెలిసినంతవరకు, 87 శాతం మంది జాకెట్ వేసుకోలేదు. వాళ్లందరికీ ఈత రాదని అనుకోలేం. తెరచాప అడుగున ఉండే బూమ్ ఒక్కసారిగా ఇటునుంచి అటు తిరిగి తలకు తగిలితే, స్పృహ లేనివాడికి ఈత ఏం పనికొస్తుంది? బ్రిటన్‌లో సొంత పడవ మీద సముద్రంలోకి వెళ్లడానికి లైసెన్సు అక్కర్లేదు కదా, ఎవరి ప్రాణం వాళ్ల ఇష్టం కదా అంటారు ఇంకొందరు. ఒంటరిగా వెళ్లేవాడి విషయంలో ఆ వాదన కొంత ఒప్పుకుంటాను. టికెట్ కొని ఎక్కిన పిల్లల విషయంలో ఒప్పుకోను.

మిగిలింది, క్లబ్బులు డబ్బున్నవాళ్ల వ్యవహారమన్న మాట. అది చాలావరకు నిజమే. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఈ ఆట తొలినుంచీ సైనికాధికారుల చుట్టూ, చందా కట్టగలిగినవాళ్ల చుట్టూ తిరిగింది. అయితే ఈమధ్య అదే చెరువు మీద సర్కారు బడి పిల్లలు ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవల్లో శిక్షణ పొంది జాతీయ పోటీలకు వెళ్తున్నారు. 2017-18లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప నౌక మీద ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నేవీ అధికారిణుల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. అయినా పాపికొండలు చూడబోయే కుటుంబాన్ని క్లబ్బులో చేర్పించనక్కర్లేదు. క్లబ్బు పద్ధతిని రేవుకు తెస్తే చాలు. కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టాలనుకోవడం వెనక ఉన్న ఆలోచన అదే: పడవ కదిలే ముందు, పడవ యజమాని కాని మనిషి ఒకరు చూసి సరే అనడం. దానికి ఇంకొకటి కలపాలి. వరద వల్లో గాలి వల్లో పడవ ఆగిన రోజు టికెట్ డబ్బు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి, సరంగుకూ సిబ్బందికీ ఆ రోజు కూలి మాత్రం ఆగకూడదు. ఆ ఖర్చుకు ప్రతి టికెట్ నుంచీ కొంత తీసి విడిగా నిధి పెట్టవచ్చు. టికెట్ పది రూపాయలు పెరిగితే పెరగనివ్వండి.