నిరపేక్షశోకము, సాపేక్షశోకము: "సైలెంట్ స్ప్రింగ్" గ్రంథపరిశీలనము

భూమండలమున నేడు కలుగుచున్న మార్పులను గూర్చి వెలువడుచున్న రచనలను చదువునపుడు ఒక సందేహము కలుగక మానదు. హిమనదులు కరగుటను, పక్షిజాతులు క్షీణించుటను, సముద్రజలములు వేడెక్కుటను వర్ణించు ఈ రచనలు పాఠకుని మనస్సున శోకమును మాత్రమే మిగుల్చుచున్నవా? కర్తవ్యమునకు ప్రేరకమైన ఆశను గూడ కలిగించుచున్నవా? కొందరు రచయితలు తుదిపుటలలో రెండు ఊరడింపుమాటలు చేర్చి ఆశను కల్పించితిమని తలంతురు. అట్టి ఆశ బయటినుండి అతికినది. వస్తువునుండి పుట్టినది కాదు. నిజమైన ఆశ రచనయందెట్లు పుట్టునో తెలిసికొనుటకు మన ఆలంకారికుల విచారమున ఒక సాధనము కలదని మా అభిప్రాయము.

భరతుడు నాట్యశాస్త్రమున కరుణమునకును విప్రలంభమునకును గల భేదమును చెప్పుచు, మొదటిది నిరపేక్షభావమనియు, రెండవది సాపేక్షభావమనియు నిర్ణయించెను. సాపేక్షమనగా ఇచ్చట అపేక్షతో గూడినదని అర్థము. నిర్వేదము, గ్లాని, చింత మున్నగు భావములు రెండింటను కనబడును. కన్నీరును రెండింటను కలదు. కాని కరుణమున పోయినది మరల రాదను నిశ్చయము కలదు. విప్రలంభమున పునస్సమాగమమునందు అపేక్ష కలదు. కావున భేదము దుఃఖపరిమాణమునుబట్టి ఏర్పడినది కాదు. శృంగారము మనకిచ్చట ప్రస్తుతము కాదు. ఈ భేదమును మాత్రము గైకొని ఒక ప్రసిద్ధగ్రంథమును పరిశీలింపదలచితిమి.

అమెరికా రచయిత్రి రేచెల్ కార్సన్ 1962లో "సైలెంట్ స్ప్రింగ్" అను గ్రంథమును ప్రకటించెను. మౌనవసంతమని దీనిని తెలుగున చెప్పవచ్చును. డి.డి.టి. మున్నగు కీటకనాశక రసాయనములను విచక్షణ లేక చల్లుటవలని అనర్థములను ఆమె ఇందు 17 అధ్యాయములలో నిరూపించెను. ఇది నిరాశను ప్రచారము చేయు గ్రంథమని ఆక్షేపించినవారు కలరు. ఆ ఆక్షేపణ నిలుచునా యని విచారింతము.

ప్రథమాధ్యాయము ఒక కల్పితకథ. అమెరికా నడిబొడ్డున ఒక ఊరు. వసంతము వచ్చినను పక్షికూత వినరాదు. ఇండ్ల చూరులలో తెల్లని పొడి నిలిచియున్నది. ఇంతవరకు రచన కరుణమువైపే నడచుచున్నది. కాని కథాంతమున రచయిత్రి కారణమును స్పష్టపరచినది. ఇది మంత్రప్రయోగము కాదు, శత్రువులు చేసినది కాదు, ఆ ఊరివారు తామే చేసికొనినది. ఈ మలుపు మిక్కిలి ముఖ్యము. భరతుడు కరుణమునకు చెప్పిన విభావములలో శాపక్లేశమొకటి. శాపమున బాధపడువాడు చేయగలిగినది స్వల్పము. తన చేతులతో చేసినదానిని మానుట మాత్రము మనుష్యునికి సాధ్యము. కారణనిర్దేశమే ఇచ్చట అపేక్షకు బీజమైనది.

ఎనిమిదవ అధ్యాయమున ఈ లక్షణము మరింత స్ఫుటము. మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఎల్మ్ వృక్షములకు పట్టిన తెగులును వ్యాపింపజేయు పురుగులను చంపుటకై 1954 నుండి రసాయనము చల్లిరి. ఆకులు రాలెను, వానపాములు ఆ ఆకులను తినెను, రాబిన్ పక్షులు వానపాములను తిని చచ్చెను. పదునొకండు పెద్ద వానపాములు ఒక పక్షిని చంపుటకు చాలునని రచయిత్రి తెలిపినది. ఈ కార్యకారణశృంఖలను చదివిన పాఠకుడు దుఃఖించును. కాని దానిని ఎచ్చట తెంపవలెనో గూడ గ్రహించును. అదే అధ్యాయమున, తెగులుపట్టిన కలపను వెంటనే తొలగించి, రసాయనము లేకయే వృక్షములను కాపాడు పద్ధతిని న్యూయార్కు రాష్ట్రమునుండి ఉదాహరించినది. శోకవర్ణనము నడుమనే ఉపాయము నిలిచినది.

ఈ అపేక్ష వ్యర్థము కాలేదు. కార్సన్ 1964లో మరణించెను. 1972లో అమెరికాలో వ్యవసాయమున డి.డి.టి. వాడుక నిషేధింపబడెను. ఆమె గ్రంథమున చింతించిన తెల్లతల గ్రద్దలు 1963లో, అలాస్కాను మినహాయించి, ఆ దేశమున 417 జంటలు మాత్రమే లెక్కకు వచ్చెను. 2007లో రమారమి 9,800 జంటలైనవి. నిషేధముతోపాటు ఆవాసరక్షణమును, చట్టములును ఇందుకు తోడ్పడినవి. డి.డి.టి.ని సర్వత్ర రూపుమాపవలెనని ఆమె కోరలేదు. రోగవ్యాపకములైన కీటకముల నివారణకై పరిమితముగ వాడుటకు 2001 నాటి స్టాక్‌హోమ్ ఒడంబడికయు అవకాశము నిచ్చినది.

గ్రంథమున లోపము లేదని మా వాదము కాదు. కడపటి అధ్యాయమున ఆమె రెండు దారుల ఉపమానమును చేపట్టినది. ఒకటి వినాశమునకు, రెండవది రక్షణకు. రెండవదానికి ఉదాహరణములలో ఒకటి, పశువుల పుండ్లలో గ్రుడ్లుపెట్టు స్క్రూవర్మ్ ఈగ నిర్మూలనము. వికిరణముచే వంధ్యములైన మగ ఈగలను విడిచి, 1954లో కురసావ్ ద్వీపమున దానిని రూపుమాపిరి. తరువాతి దశాబ్దములలో ఆ యీగను పనామావరకు తరిమిరి. కాని 2023 నుండి అది మరల ఉత్తరమునకు వ్యాపించి 2024లో మెక్సికోను చేరినది. ఒకసారి మంచిదారి పట్టినచో చాలునను భావమును ఆ ఉపమానము కలిగించుచున్నది. నిత్యము కావలి కాయవలసిన పొలమును ఉపమానముగ గైకొన్నచో వస్తువునకు తగియుండెడిది.

నేటి వాతావరణవిపత్తునకు ఈ గ్రంథమును యథాతథముగ అన్వయించుటయు తగదు. డి.డి.టి. చల్లుట మానిన కొన్ని దశాబ్దములలో గ్రద్దలు తిరిగివచ్చినవి. వాయుమండలమున చేరిన బొగ్గుపులుసు వాయువులో కొంతభాగము, విడుచుట మానినను, శతాబ్దములపాటు నిలుచును. కావున నేటి రచయిత పోయినవాటిలో మరల రానివానిని కరుణముగను, కాపాడదగినవానిని సాపేక్షముగను వేర్వేరుగ చూపవలెను. రెండును కలిపివేసిన రచన వట్టి విలాపమైన కావచ్చును, వట్టి ఊరడింపైన కావచ్చును.

శోకకారణము స్పష్టముగ నిర్దేశింపబడినదా, ఉపాయము వస్తువులోనే ఇమిడియున్నదా, ఆ ఉపాయమునకు వలయు శ్రమ దాపరికము లేక చెప్పబడినదా అను మూడు ప్రశ్నలతో ఇట్టి రచనలను పరీక్షింపవచ్చునని తలంతుము. మొదటి రెండింట కార్సన్ గ్రంథము నిలిచినది. మూడవదానియందు కొంత కొరవడినది. తెలుగున వెలువడుచున్న ప్రకృతిరచనలను గూడ ఈ దృష్టితో పరిశీలించుట పరిశోధకులకు ఉపయుక్తము కాగలదు.