పుచ్చుకొనువారు పుట్టని దానము

దానమనగా ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఎదురెదురుగా కూర్చుండి, మీది చేతినుండి క్రింది చేతిలోనికి నీరు ధారగా జారుచుండగా జరుగవలసిన క్రియ యని మన పెద్దలెరిగిన సంప్రదాయము. చెట్టు నాటువానికి ఈ సౌఖ్యము లేదు. చింతగింజను నేలలో పెట్టినవాడు దాని తొలికాపు పులుపెరుగుటకే ఏడెనిమిదేండ్లు వేచియుండవలెను. నిండునీడ మాట మనుమలు చూచుకొందురు.

ఖమ్మము చెంతనున్న రెడ్డిపల్లిలో జీవించి, ఎనిమిది పదులు దాటిన వయస్సున 2025 ఏప్రిల్ 12వ తేదీన కన్నుమూసిన దరిపల్లి రామయ్యగారిని, ‘వనజీవి’ యన్నది బిరుదో ఇంటిపేరో తెలియనంతగా లోకము పిలుచుకొన్న ఆ పెద్దమనిషిని, తలచినప్పుడెల్ల నాకీ దానమే స్ఫురించును. వృక్షములను రక్షించినచో అవి మనలను రక్షించునన్న సంస్కృతవాక్యమును వ్రాయించిన పలకను మెడలో వేసికొని, సంచినిండ గింజలతో, కాలువగట్టులును, బాటల పక్కలును, బడుల ఆవరణలును, ఎక్కడ నాలుగడుగుల బోడినేల కనబడిన అక్కడ విత్తుచు సాగిపోయిన జీవితమది. భారత ప్రభుత్వము 2017లో పద్మశ్రీ నిచ్చినది. ఆయన నాటినవి కోటికి పైబడినవని పత్రికలు వ్రాసినవి. ఆ లెక్క కట్టినదెవరో నేనడుగబోను. గట్టుమీద గింజలు చల్లినవాడు వెనుదిరిగి వానిని ఎంచుకొనుచు కూర్చుండడు గదా! కోటి మాట యెట్లున్నను, పదివేలే యైనను, ఆయనయందు నాకుగల గౌరవము వీసమెత్తు తగ్గదు.

నన్ను నిజముగా ఆకర్షించినది ఆ పనిలోని పనితనము. మొక్క నాటుట పదిమందికి కనబడును, ఫోటోకు నిలుచును; అంతకుముందు ఎండలో వంగి గింజలేరుట ఎవరి కంటనుబడదు. వేపనే చూడుడు. రోహిణికార్తె ఎండలకు పండ్లు పసుపుబారి రాలనారంభించును. బొటనవ్రేలితో నొక్కినచో తెల్లని గింజ చివుక్కున జారిపోవును. తీపి కలసిన ఆ చేదు జిగురు వ్రేళ్ల నంటుకొని, సబ్బుకు సైతము ఒకపట్టున లొంగదు. గుజ్జు కడిగివేసి, ఎండ తగులనీయక నీడలో ఆరబెట్టి, ఆలస్యము చేయక విత్తవలెను. డబ్బాలో దాచి మరుయేడు చూతమన్నచో గింజ మనకొరకు ఆగదు. కొలది వారములలోనే దాని మొలకెత్తు శక్తి సన్నగిల్లుచు పోవును. చింతగింజ స్వభావము వేరు. అది ఏండ్ల తరబడి ఓర్చుకొనును, విత్తుటకు ముందు ఒక రాత్రి నీటిలో నానిన చాలును. తుమ్మగింజ మరింత మొండిది. మేక కాయను తిని, కడుపులో దాని పెంకును కొంత మెత్తపరచి విడిచినపిదపనే సులువుగా మొలచును. వేసవి వచ్చినదనిన మా వీథిలోని వేపక్రింద నేనును సంచితో వంగుచుందును. బాటసారులు నన్ను చూచి ఏ నాటువైద్యమునకో అనుకొనుట కద్దు.

ఈ విద్య రామయ్యగారికి గురుకులములో అబ్బినది కాదు. మరుసటి పంటకై తల్లి విత్తనములు దాచుట చిన్ననాడు చూచినందువలన కలిగిన అలవాటే చెట్లమీదికి ప్రాకినదందురు. పెండ్లియైన పిదప ఆ పనిలో సగపాలు భార్య జానమ్మగారిది. గింజలేరుటయందును, మొక్కలు పెంచుటయందును ఆమె తోడు నడిచినారు. మనుమరాండ్రకు సైతము చెట్టుచేమలను తలపించు పేర్లు పెట్టుకొన్న ఇల్లది. విత్తనములకును మొక్కలకును డబ్బు చాలక ఆయన మూడెకరముల పొలము అమ్మివేసినారని, ఆ కథ చెప్పువారు మెచ్చుకోలుగా చెప్పి ముందునకు సాగుదురు. నేను మాత్రము అక్కడనే నిలిచిపోవుదును. పల్లెలో మూడెకరములు ఒక్క మగవాని సొమ్ము కానేరదు. అందులో ఇల్లాలి గాదె యున్నది, బిడ్డల భాగమున్నది, ముసలితనపు గంజి యున్నది. లోకోపకారి చేయి ఎంత ధారాళమైనదో కొలుచునప్పుడు, ఆ చేతికి అడ్డుపడక ఇంటిలో సరిపెట్టుకొన్నవారిని గూడ లెక్కలోనికి తీసికొనవలెనని నా అభిప్రాయము. సన్మానసభలలో శాలువ ఒక్కటే యుండును. రెండవది తెచ్చు ఆచారము మనకింకను పట్టుబడలేదు.

ఆయన ఔదార్యము మొక్కలతో ఆగలేదనుటకు ఒక సంగతి చెప్పుదును. కొన్నేండ్ల క్రిందట ద్విచక్రవాహనమొకటి ఢీకొని గాయపడినప్పుడు, దానిని నడిపినవానిమీద కేసు వలదనియు, వానిచేత నూరు మొక్కలు నాటించిన చాలుననియు ఆయన కోరినారు. విన్నవారు అది క్షమాగుణమని కొనియాడినారు. క్షమ యున్నది, నిజమే. కాని దానితోబాటు, ఆసుపత్రి మంచముమీదనుండి సైతము కూలిలేని పనివానినొకని సంపాదించుకొన్న రైతుబుద్ధియు నాకు కనబడును. ఐతే, మొక్క నాటుట సగము పనియే. వేరు లోతునకు దిగువరకు, అనగా తొలి రెండు వేసవులైనను, దానికి నీరందవలెను, మేకల నోటికి అందకుండ ముళ్లకంప కట్టవలెను. ఆ వాహనదారుని నేనెరుగను. ఎప్పుడైన తారసపడినచో గాయముల సంగతి ఎత్తను. ఆ నూరింటికి తొలి రెండు వేసవులును నీళ్లు పోసినదెవరని మాత్రము అడుగుదును.