నొప్పి లేని మచ్చ కోసం గడప తొక్కాలి

కుష్ఠు పరీక్ష చూడటానికి చాలా చిన్నది. మచ్చ మీద ఒకసారి, పక్కనున్న మామూలు చర్మం మీద ఒకసారి బాల్‌పెన్ను మొనతో మెల్లగా తాకుతారు. కళ్లు మూసుకున్న మనిషి ఎక్కడ తాకారో వేలు పెట్టి చూపించాలి. తర్వాత మోచేతి లోపలి వైపు ఎముక వెనకున్న నరాన్ని వేళ్లతో తడిమి, లావెక్కిందా, నొక్కితే నొప్పి ఉందా అని చూస్తారు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి మచ్చలున్నవాళ్లను గుర్తించేది ఈ పరీక్ష కోసమే. స్కానింగుల కాలంలో ఇదేం వైద్యం అనేవాళ్లున్నారు. ఆ క్రిమి మన కణంలో చేసే పని తెలిస్తే, ఇంతకన్నా తగిన పద్ధతి లేదని ఒప్పుకోక తప్పదు.

డిఫ్తీరియా క్రిమి వదిలే విషం కణంలో ప్రోటీన్ల తయారీని ఆపేసి దాన్ని చంపేస్తుంది. గొంతు నొప్పితో, జ్వరంతో బిడ్డ మంచం పడితే తల్లి ఆస్పత్రికి పరుగెడుతుంది. కుష్ఠు క్రిమి అలా బయటపడదు. 1873లో నార్వేలో హాన్సెన్ కనిపెట్టిన ఈ క్రిమిని ప్రయోగశాల గాజు పళ్లెంలో పెంచడం నేటికీ ఎవరి తరమూ కాలేదు. 2001లో దాని జన్యువులన్నీ చదివితే పనిచేసేవి దాదాపు 1,600 తేలాయి, వెయ్యికి పైగా పాడుబడి ఉన్నాయి. సొంతంగా బతికే సత్తువ పోయింది కాబట్టి ఆశ్రయమిచ్చిన కణాన్ని బతికించుకోవడం దానికి అవసరం. నరాలను చుట్టి కాపాడే ష్వాన్ కణాల చుట్టూ లామినిన్ అనే ప్రోటీన్ పొర ఉంటుంది. దానికి అతుక్కుని క్రిమి లోపలికి చేరుతుంది. ఒకటి రెండు కావడానికి రెండు వారాలు తీసుకుంటుంది. ఎడిన్‌బరోలో అనూర రంబుక్కన బృందం 2013లో ఎలుకల కణాల మీద చూపించింది మరీ ఆశ్చర్యం: క్రిమి చేరిన ష్వాన్ కణం తన పని మానుకుని, వేరే రూపాలు ఎత్తగల మూలకణంలా మారిపోయి, క్రిమిని ఇతర కణజాలాలకు మోసుకుపోయింది. దీనికి తోడు క్రిమిని తరమబోయిన మన రక్షణ కణాల వాపే నరాన్ని నలిపేస్తుంది.

నరం మొద్దుబారితే ఇక ఫిర్యాదు చేసేదెవరు? లక్షణాలు తేలడానికే సగటున అయిదేళ్లు పడుతుంది. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తిప్పే ఆమె వేలి కొస పెనానికి తగిలి కాలినా, బొబ్బ కనబడేదాకా ఆమెకు తెలియదు. నొప్పి లేని మచ్చకు కూలి పోగొట్టుకుని ఆస్పత్రికి ఎవరు వస్తారు? 2005 డిసెంబరులోనే దేశం కుష్ఠును నిర్మూలించింది కదా, ఇంకా ఈ తిరుగుడెందుకని అడుగుతారు. అప్పుడు సాధించింది పదివేల జనాభాకు ఒక్క రోగి కన్నా తగ్గించడం, అంతే. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే రోగుల్లో సగానికి పైగా నేటికీ మన దేశం వాళ్లే. మందు ఉచితంగా ఉంది కదా అన్నది రెండో ప్రశ్న. ఉంది, గొప్ప మందు. ఆరు నెలలో, ఏడాదో వాడితే క్రిమి చస్తుంది. చచ్చిన నరాన్ని మాత్రం అది తిరిగి లేపలేదు. నరం దెబ్బతిన్న మొదటి ఆరు నెలల్లో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే పట్టు, స్పర్శ చాలావరకు నిలిచే అవకాశం ఉంది. ఆ గడువు దాటాక వంకర పోయిన వేళ్లు మిగులుతాయి.

ఇంటికొచ్చి పరీక్ష చేస్తే ‘పెద్దరోగం’ అని ఊరంతా పాకుతుందన్న భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయలేను. ఒక్క మనిషిని పక్కకు పిలిస్తే గుసగుసలు మొదలవుతాయి. ఇంట్లో అందరినీ, వాడలో అన్ని ఇళ్లనూ చూడాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే, తలుపు వేసి చూడాలి. అలా చూడటానికి సమయం పడుతుంది, మనుషులు కావాలి. సర్వే తేదీల మీదా నాకు పట్టింపు ఉంది. ముంబైకి, పుణెకు పనికి పోయిన పాలమూరు కూలీల ఇళ్లకు తాళాలు వేలాడే రోజుల్లో తలుపు తట్టి, ‘ఎవరూ లేరు’ అని రాసుకుంటే ఆ మచ్చలు లెక్కలోకే రావు. దసరాకు, పీర్ల పండుగకు వాళ్లు ఊరికొస్తారు. బృందాలు ఆ వారాల్లో వెళ్లాలి, తాళం పడ్డ ఇంటికి మళ్లీ వెళ్లాలి.