నగరమే చేపైనప్పుడు: ఫిలిప్ రీవ్ నవలాచతుష్టయంలో మాత్స్యన్యాయం

వ్యాససంగ్రహం: ఆంగ్ల రచయిత ఫిలిప్ రీవ్ కౌమార పాఠకుల కోసం రాసిన ‘మోర్టల్ ఇంజిన్స్’ నవలాచతుష్టయాన్ని భారతీయ రాజనీతిలోని మాత్స్యన్యాయ భావన వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బలహీనుణ్ణి కాపాడవలసిన రాజ్యమే భక్షకుడైతే ఏమవుతుందన్న ప్రశ్నను ఈ నవలలు ఎలా నిర్వహించాయో, ఎక్కడ తడబడ్డాయో ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: స్టీమ్‌పంక్, కౌమార సాహిత్యం, మాత్స్యన్యాయం, దండనీతి, మోర్టల్ ఇంజిన్స్.

ఉపోద్ఘాతం

ఆవిరియంత్రాల యుగపు సాంకేతికతను ఊహాలోకంలో కొనసాగించి చెప్పే కాల్పనిక సాహిత్యాన్ని ‘స్టీమ్‌పంక్’ అంటున్నారు. 1987లో అమెరికన్ రచయిత కె. డబ్ల్యు. జెటర్ ‘లోకస్’ పత్రికకు రాసిన లేఖలో ఈ పేరును సూచించాడు. ఇత్తడి పళ్లచక్రాలు, ఆకాశనౌకలు, పొగగొట్టాలు ఈ సాహిత్యానికి బాహ్య లక్షణాలు. యంత్రం అందాన్ని వర్ణించడంలో చూపే శ్రద్ధను ఆ యంత్రానికి ఇంధనం ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని ఎవరి చేతులు మోశాయి అన్న విషయంలో చూపకపోవడం ఈ ప్రక్రియలో తరచుగా కనిపించే లోపం. పంతొమ్మిదో శతాబ్దపు యంత్రవైభవం వెనుక వలసరాజ్యాల ముడిసరుకు ఉందని తెలిసిన పాఠకుడికి ఈ మౌనం చిన్న విషయంగా తోచదు.

ఫిలిప్ రీవ్ రాసిన ‘మోర్టల్ ఇంజిన్స్’ (2001), ‘ప్రిడేటర్స్ గోల్డ్’ (2003), ‘ఇన్‌ఫర్నల్ డివైసెస్’ (2005), ‘ఎ డార్క్‌లింగ్ ప్లెయిన్’ (2006) నవలలు ఈ లోపాన్నే కథావస్తువుగా మలుచుకున్నాయి. యంత్రం ఏం తిని బతుకుతుంది అన్నదే వీటి తొలి ప్రశ్న. చివరి నవలకు గార్డియన్ బాలసాహిత్య పురస్కారం లభించింది.

మున్సిపల్ డార్వినిజం – మాత్స్యన్యాయం

అరవై నిమిషాల్లో ముగిసిన ఒక మహాయుద్ధం పాత నాగరికతను తుడిచిపెట్టిన వేల ఏళ్ల తర్వాతి కాలం ఈ కథలది. నగరాలు చక్రాల మీద, గొలుసుపట్టాల మీద తిరుగుతుంటాయి. పెద్ద నగరం చిన్న పట్టణాన్ని వెంటాడి పట్టుకుంటుంది. దాన్ని ముక్కలు చేసి, ఇనుమును, కలపను, ఇంధనాన్ని తనలో కలుపుకుంటుంది. ఈ వ్యవస్థకు ఆ లోకంలో ‘మున్సిపల్ డార్వినిజం’ అని పేరు. అది ప్రకృతిధర్మమని లండన్ పౌరులు నమ్ముతారు.

ఈ పేరులో ఒక చారిత్రక వ్యంగ్యం ఉంది. బలమైనదే మిగులుతుందన్న అర్థంలో నేడు డార్విన్‌కు ఆపాదిస్తున్న ప్రసిద్ధ పదబంధాన్ని ముందుగా వాడినవాడు హెర్బర్ట్ స్పెన్సర్ (1864). డార్విన్ దాన్ని తన గ్రంథం అయిదో ముద్రణలో (1869) స్వీకరించాడు. జీవశాస్త్ర సిద్ధాంతాన్ని సామాజిక దోపిడికి సమర్థనగా మార్చిన చరిత్రను రీవ్ ఒక్క పేరుతో గుర్తుచేశాడు.

పెద్ద చేప చిన్న చేపను మింగడమనే ఉపమానం మన రాజనీతికి కొత్త కాదు. అర్థశాస్త్రం, మహాభారతంలోని శాంతిపర్వం మాత్స్యన్యాయాన్ని అరాచక స్థితికి పేరుగా వాడాయి. దండధారి లేనిచోట బలవంతుడు బలహీనుణ్ణి మింగుతాడు. అందుకే రాజు అవసరమన్నది ఆ వాదం. అంటే అక్కడ రాజ్యం మాత్స్యన్యాయానికి విరుగుడు. రీవ్ లోకంలో ఈ సంబంధం తలకిందులైంది. మేయర్, శ్రేణులు, చట్టం, మ్యూజియం అన్నీ ఉన్న సువ్యవస్థిత రాజ్యమే ఇక్కడ చేప. లోపల క్రమశిక్షణ ఎంత గట్టిగా ఉంటే, బయట మింగే శక్తి అంత పెరుగుతుంది. అరాచకం రాజ్యం లేకపోవడం వల్లనే పుడుతుందన్న భావనను ఈ నవలలు ప్రశ్నార్థకం చేస్తున్నాయి.

నగరం కడుపు

లండన్ నిర్మాణమే ఒక వర్గచిత్రం. పై అంతస్తులో సెయింట్ పాల్స్ కెథడ్రల్, ఉద్యానాలు, పెద్దల నివాసాలు. అట్టడుగున ‘గట్’ అనే కడుపు. పట్టుబడిన పట్టణాలను అక్కడే విడగొడతారు. పదిహేనేళ్ల టామ్ నాట్స్‌వర్తీ చరిత్రకారుల శ్రేణిలో శిష్యుడు, అనాథ. తన నగరం సాల్ట్‌హుక్ అనే చిన్న పట్టణాన్ని వేటాడుతుంటే అతడు అందరితోపాటు ఉత్సాహపడతాడు. పాఠకుడు కూడా ఆ వేట వేగానికి లొంగిపోతాడు. కౌమార సాహస కథ ఇచ్చే ఆనందాన్ని ముందు ఇచ్చి, తర్వాత ఆ ఆనందానికి లెక్క అడగడం రీవ్ పద్ధతి.

లెక్క అడిగే బాధ్యత ఇద్దరు అమ్మాయిలది. తల్లిని చంపి తన ముఖాన్ని కత్తితో చీల్చిన థాడియస్ వాలెంటైన్‌ను చంపడానికి హెస్టర్ షా వస్తుంది. టామ్ అడ్డుపడి తన ఆరాధ్య వీరుణ్ణి కాపాడతాడు. రహస్యం తెలిసినందుకు ఆ వీరుడే అతణ్ణి నగరం నుంచి కిందికి తోసేస్తాడు. మరోవైపు వాలెంటైన్ కూతురు కేథరిన్ పై అంతస్తునుంచి కడుపులోకి దిగుతుంది. అక్కడ ఖైదీలచేత మురుగులో పని చేయించడం, చనిపోయినవారిని యంత్రసైనికులుగా మార్చే ప్రయత్నం ఆమెకు తెలుస్తాయి. ఒకరు నగరం బయటినుంచి, ఒకరు లోపలినుంచి చూసిన సత్యం ఒక్కటే: నగరం ఇతరులను మాత్రమే కాదు, తనవారిని కూడా తింటోంది.

దండం – తీక్ష్ణదండం

నగరాల వేటను ఎదిరించేది హిమాలయ ప్రాంతంలోని షాన్ గువో కేంద్రంగా ఉన్న, స్థిరనివాసాల కూటమి. మొదటి నవలలో ఇది రక్షక దండంలా కనిపిస్తుంది. కాని కూటమి గూఢచారిణి అన్నా ఫాంగ్‌ను వాలెంటైన్ చంపిన తర్వాత, ఆమె శవం యంత్రదేహంగా లేస్తుంది. ‘గ్రీన్ స్టార్మ్’ అనే తీవ్రవర్గం అధికారంలోకి వస్తుంది. చివరి నవలలో ఆ యంత్రదేహం ‘ఓడిన్’ అనే కక్ష్యాస్త్రాన్ని చేజిక్కించుకుని, మనుషులు లేని భూమే పచ్చని భూమి అనే నిర్ణయానికి వస్తుంది.

తీక్ష్ణదండుడైన రాజును ప్రజలు అసహ్యించుకుంటారనీ, మృదుదండుణ్ణి లెక్కచేయరనీ, యథార్హదండుణ్ణే గౌరవిస్తారనీ అర్థశాస్త్రం చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. గ్రీన్ స్టార్మ్ తీక్ష్ణదండానికి నిదర్శనం. మాత్స్యన్యాయాన్ని ఆపడానికి ఎత్తిన దండమే మరో చేపగా మారింది. అయితే రీవ్ దీన్ని తూర్పు ప్రజల సహజ స్వభావంగా చిత్రించలేదు. ఆ యంత్రదేహం వెనుక వాలెంటైన్ కత్తి ఉంది. ప్రతిఘటన వికృతమవడానికి కారణం తొలి హింసలోనే ఉందని కథాక్రమం స్పష్టం చేస్తుంది.

హెస్టర్: మనిషిలోని చేప

ఈ వాదాన్ని రీవ్ వ్యక్తిస్థాయికి తేవడం చతుష్టయానికి నైతిక బలం. ‘ప్రిడేటర్స్ గోల్డ్’ పేరు వేటనగరాలు తమకు ఎర ఉన్న చోటు చెప్పినవారికి ఇచ్చే బహుమానాన్ని సూచిస్తుంది. టామ్ ఫ్రేయాను ముద్దుపెట్టుకోవడం చూసిన హెస్టర్, ఆంకరేజ్ నగరం వెళ్లే దారిని ఆర్కేంజెల్ అనే వేటనగరానికి చెబుతుంది. ఆమె కోరిన మూల్యం బంగారం కాదు, టామ్. తర్వాత ఆ వేటగాళ్లను తానే చంపి, ఆంకరేజ్ ప్రజల దృష్టిలో రక్షకురాలవుతుంది. బాధితురాలు భక్షకురాలు కాలేదన్న ఊరటను రచయిత మనకు ఇవ్వడు. అలాగని ఆమెపై మన సానుభూతిని ఉపసంహరించుకోనివ్వడు కూడా.

2018లో క్రిస్టియన్ రివర్స్ దర్శకత్వంలో వచ్చిన చలనచిత్రంతో పోల్చితే ఈ బలం తెలుస్తుంది. నవలలో హెస్టర్ ముఖం ఒక కన్ను, ముక్కులో అధికభాగం పోయి, నోరు వంకరపోయి ఉంటుంది. చిత్రంలో అది చూడదగిన మచ్చగా తగ్గింది. నవలలో ‘మెడూసా’ ఆయుధం పేలి లండన్ కాలిపోతుంది. చిత్రంలో లండన్ వాసులను షాన్ గువో ప్రజలు ఆహ్వానిస్తారు. క్షమ మంచిదే. కాని మూల్యం చెల్లించకుండా దొరికిన క్షమ కథను నీతిపాఠంగా కుదిస్తుంది.

పరిమితులు

రెండు విషయాల్లో ఈ నవలలు అసంతృప్తిని మిగులుస్తాయి. మొదటిది, మింగబడినవారి కంఠస్వరం. సాల్ట్‌హుక్ ప్రజల్లో ఎవరి దృష్టినుంచీ కథ నడవదు. స్థిరనివాసమైన ఆఫ్రికా రాజ్యం జాగ్వాకు చెందిన థియో ఎన్గోనీ మూడో నవలలో వచ్చి ఈ లోటును కొంత పూరించాడు. అయినా కథాకేంద్రం ఎక్కువగా చక్రాల మీద పుట్టిన టామ్ వంటివారి పశ్చాత్తాపమే. భక్షకుడి పశ్చాత్తాపానికి దక్కిన చోటు భక్షితుడి జ్ఞాపకానికి దక్కలేదు.

రెండోది, యథార్హదండానికి దక్కిన స్థలం. చివరి నవలలో సేనాని నాగా నగరాలతో సంధికి ప్రయత్నిస్తాడు. ఓడిన్ ఇరుపక్షాలనూ దగ్ధం చేయడంతో పరస్పర అనుమానం పెరిగి సంధి చెడుతుంది. తీక్ష్ణదండం విధ్వంసాన్ని విపులంగా వర్ణించిన రచయిత, సంధి కోసం మనుషులు పడే నెమ్మదైన శ్రమకు అంత ఓపిక చూపలేదు. ఫలితంగా వేటాడినవారూ ఎదిరించినవారూ ఒకే తక్కెడలో తూగుతున్నారన్న భ్రమకు అవకాశం ఏర్పడింది. వలసపాలన అనుభవం ఉన్న సమాజాల పాఠకులు ఈ తూకాన్ని యథాతథంగా అంగీకరించలేరు.

ముగింపు

అయినా రీవ్ రెండు ప్రత్యామ్నాయాలను విస్మరించలేదు. ఆంకరేజ్ అమెరికా ఖండం చేరి, ఒక సరస్సు దగ్గర చక్రాలు ఆపి ఊరవుతుంది. లండన్ శిథిలాల్లో మిగిలినవారు అయస్కాంత శక్తితో నేలను తాకకుండా తేలే కొత్త నగరాన్ని నిర్మిస్తారు. దానికి దవడలు లేవు. వ్యాపారం చేసి బతకాలన్నది దాని సంకల్పం. యంత్రం ఉండవచ్చు, చలనం ఉండవచ్చు. మింగడం మాత్రం అనివార్యం కాదని ఈ రెండూ చెబుతున్నాయి.

ప్రధాన పాత్రల మరణంతో, అన్నీ చూసిన యంత్రమానవుడు ష్రైక్ కథకుడిగా మారడంతో చతుష్టయం ముగుస్తుంది. చంపడానికి తయారుచేసిన దేహం చివరికి జ్ఞాపకాన్ని మోసే సాధనమైంది. తులనాత్మక సాహిత్య పరిశోధకులు దండనీతి పరిభాషతో ఈ నవలలను చదివితే రెండు వైపులా లాభం ఉంటుంది. నవలల్లోని తూకం లోపం బయటపడుతుంది. రాజ్యం ఉంటే చాలు మాత్స్యన్యాయం ఆగుతుందన్న మన పాత విశ్వాసం కూడా పరీక్షకు నిలబడవలసి వస్తుంది.