సరస వినోదినీ సభ: ఒక పరిశీలనము

ఆంధ్రనాటకచరిత్రమును వ్రాయువారు ధర్మవరము రామకృష్ణమాచార్యులను “ఆంధ్రనాటక పితామహు”డని కీర్తించి, ఆయన నెలకొల్పిన సభను ఒకటి రెండు వాక్యములతో ముగించుట పరిపాటియైనది. ఇది సమంజసము కాదు. నాటకమును గ్రంథముగా మాత్రమే చూచువారికి సభ కానరాదు. ప్రయోగముగా చూచువారికి సభయే ముందు కానవచ్చును.

సరస వినోదినీ సభ 1886లో బళ్లారియందు వెలసెను. అంతకు ఆరేండ్లకు పూర్వమే, 1880లో, కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున తెలుగు నాటకమును రంగమెక్కించియుండెను. కావున తొలిప్రదర్శనగౌరవము బళ్లారిది కాదు. బళ్లారి సాధించినది వేఱొకటి. నాటకమును రచించినవాడే నటులకు శిక్షణమిచ్చి, తానును పాత్ర ధరించి, న్యాయవాదవృత్తి నడుపుకొనుచునే సభను పోషించెను. నాటకము పొట్టకూటి విద్య కాదు, విద్యావంతుల వ్యాసంగమనెడి మర్యాద ఈ సభవలన కలిగినది.

1887లో ప్రదర్శితమైన “చిత్రనళీయము” ఈ మార్గమునకు నాంది. “విషాద సారంగధర” మఱింత సాహసము. శుభాంతమే నియమముగా గల సంస్కృతసంప్రదాయమును కాదని, రాజరాజనరేంద్రుని కుమారుని కథను దుఃఖాంతముగా నడపుట ఆనాడు సామాన్యము కాదు. అయితే దోషమును కూడ చెప్పవలెను. పాటలు, పద్యములు మితి మీఱినవి. దుఃఖము పరాకాష్ఠ నందుకొన్న చోటను రాగము సంభాషణమునకు అడ్డు తగులును. ప్రేక్షకుని చెవి తృప్తిపడును, మనస్సు వేచియుండును.

ఆ ఊరనే కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమ సభను నడపి, చారిత్రక నాటకములకు దారి తీసెను. ఈ స్పర్ధ మేలే చేసినది. ధర్మవరమువారి మేనల్లుడైన బళ్లారి రాఘవ, కోలాచలమువారి నాటకమున పఠాను రుస్తుం పాత్ర ధరించి ప్రఖ్యాతి గాంచెను. మేనమామ నాటకములలోని సంగీతాధిక్యమును మేనల్లుని వాచికాభినయము సవరించినది. గురువును మించిన శిష్యుడన్న మాట ఇచట పొగడ్త కాదు, చరిత్రము.

ఇట్టి సభ ఏల అంతరించెను? 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి. బళ్లారి మైసూరులో చేరినది. బళ్లారి తెలుగు నాటకము సన్నగిల్లుటకు ఈ సరిహద్దురేఖయే కారణమనుట సులభము. కాని కాలక్రమ మందుల కంగీకరింపదు. ధర్మవరము 1912లో, కోలాచలము 1919లో, రాఘవ 1946లో గతించిరి. రేఖ గీయకముందే దీపములు మూడును ఆఱినవి. సభకు ప్రాణము వ్యక్తియే గాని వ్యవస్థ కాకుండుటయే అసలు లోపము. అదియునుగాక, రాఘవ తెలుగునందువలెనే కన్నడమునందును నటించినవాడు. ఈ ఊరి రంగస్థలము ఏనాడును ఒక్క భాషది కాదు. పొరుగుభాషపై నింద మోపినచో మన యేమరుపాటు మఱుగున పడును.

నేడు బళ్లారిలో రాఘవ పేర కళామందిర మున్నది. పేరు నిలిచినది, సంతోషము. కాని నాటకము పేరుతో బ్రతుకదు, ప్రయోగముతో బ్రతుకును. పాటలను తగ్గించి “విషాద సారంగధర”లోని ఒక్క రంగమునైనను తెలుగు చదువుకొను బాలురచేత ఆడించినచో, అది పది సన్మానసభలకంటె మేలు. సరిహద్దు ప్రాంతమున భాష గోడలపై వ్రాతలవలన నిలువదు. నోట పలికిననే నిలుచును. సరస వినోదినీ సభ నేర్పిన పాఠ మిదియే.